సామి నాకప్పగించిన పిల్లలు

మొన్న మనవరాలు నాకు పుట్టినరోజు చేసింది. కొవ్వొత్తి ఊదమంటే ఊదాను. అది నేను పుట్టిన తేదీ కాదని దానికి చెప్పలేదు. ఒక తెల్ల పాదిరి నాందేడ్ స్టేషన్లో నా చెవి పట్టుకున్న తేదీ అది. అప్పుడు నేను ప్రయాణికులు పారేసిన విస్తళ్ల కోసం కుక్కలతో పోట్లాడుతున్నాను. దొరికిన ప్రతి పిల్లవాడికీ దొరికిన రోజునే పుట్టినరోజుగా రాసేవాడాయన. మా అమ్మానాన్నలు బాబ్లీ దగ్గర కూలి చేసి బతికేవాళ్లు. ఒకే వారంలో ఇద్దరూ కలరాతో పోయారు. పెదనాన్న నన్ను రైలెక్కించి, నీళ్లు తెస్తానని చెప్పి ధర్మాబాద్‌లో దిగిపోయాడు.

ఆయన్ని మేం సామి అనేవాళ్లం. ఇటలీ మనిషి. తెలుగంతా ప్లాట్‌ఫారం పిల్లల దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి, మొదట్లో ఏది మర్యాద మాటో ఏది తిట్టో ఆయనకు తెలిసేది కాదు. ఊరి పెద్దమనిషి ఒకాయన బడి చూడ్డానికి వస్తే, చేతులు జోడించి, మేం నేర్పిన మాటతోనే ఎంతో వినయంగా ఆహ్వానించాడు. ఆ పెద్దమనిషి మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. బడి అంటే ఒక రేకుల షెడ్డు. పొద్దున జొన్నగట్క, తరవాత మరాఠీ, ఉర్దూ అక్షరాలు, మధ్యాహ్నం వడ్రంగం పని. వేడి గట్క వాసన, రంపపు పొట్టు వాసన కలిస్తే నాకు ఇప్పటికీ ఆ షెడ్డే. పారిపోయినవాణ్ణి స్టేషనంతా వెతికి తెచ్చి, "తిన్నవారా?" అని మాత్రం అడిగేవాడు. చెయ్యెత్తేవాడు కాదు. ఊరు మాత్రం ఎత్తేది. మమ్మల్ని దొంగల మంద అని తరిమేవారు. బావి దగ్గరికి పోతే కడవలు పగలగొట్టేవారు.

నాకు పదహారేళ్లప్పుడు ఇటలీ ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధానికి దిగింది. ఇటలీవాళ్లందరినీ నిర్బంధించాలని హుకుం వచ్చింది. ఒక మధ్యాహ్నం పోలీసు అమీన్ సాబు నలుగురు జవాన్లతో వచ్చి నిలబడ్డాడు. సామి చేతులకంటిన పిండి కూడా కడుక్కోలేదు. నాకంటే పెద్దవాళ్లంతా అప్పటికే పనుల్లో కుదిరి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తొమ్మిదిమంది చిన్నపిల్లలు.

"నేనచ్చేదాంక చూస్కోరా. ఒక్కన్ని గూడ ఇడువకు" అన్నాడు సామి.

"ఇడువను సామీ" అన్నాను.

జొన్నలు నెల దాటలేదు. తరవాత అడుక్కున్నాం. సామి లేడని తెలిసి జనం ధైర్యంగా కొట్టారు. అప్పుడు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుకు కూలీల్ని తెచ్చే ముకద్దం వచ్చాడు. "పోరగాండ్లకు రెండు పూటల బువ్వ పెడ్త. నీకు గేటుకాడ నౌకరి ఇప్పిస్త. ఏమంటవ్?" అన్నాడు. ఆ మిల్లు పిల్లల దగ్గు, తెగిన వేళ్లు నేను చూసినవే. అయినా ఆకలితో తలూపాను. పిల్లలు కదలమని మొండికేస్తే, "సామి ఆడ్నే ఉన్నడు, నడువుండ్రి" అన్నాను. ఆ మాటతో ముకద్దం కంటే ముందు ఉరికారు. అందరికంటే చిన్నవాడికి ఆరేళ్లు. వాడు నా వేలు వదిలేసి ఉరికాడు.

ఐదేళ్లు ఆ గేటు దగ్గర ఖాకీ తొడుక్కుని నిలబడ్డాను. పిల్లలు బయటికి పోకుండా చూడడమే నా పని.

యుద్ధం అయిపోయాక సామి ఆ గేటు దగ్గరికే వచ్చాడు. పళ్లూడిపోయి, బొమికలు తేలి ఉన్నాడు. నన్ను చూసి నవ్వుతూ ఒక్కొక్కరి పేరే అడగడం మొదలుపెట్టాడు. ముగ్గురు పోయారని చెప్పాను. గోడ దూకి పారిపోయిన ఇద్దరు ఏమయ్యారో తెలియదన్నాను.

"చిన్నోడేడి?"

"మొదట పోయినోడు వాడే సామీ. దగ్గి దగ్గి సచ్చిండు."

"వీండ్లను ఈడికి ఎవరు తెచ్చిన్రు?"

"నేనే."

 "గేటు తియ్యి" అన్నాడు సామి. తీశాను. లోపల మిగిలిన నలుగుర్లో ముగ్గురు ఆయన వెంట నడిచారు. కుడిచేతికి మూడు వేళ్లు లేని నాలుగోవాడు దూది మీదినుంచి లేవలేదు.

"సామి ఆడ్నే ఉన్నడంటే అచ్చినం. మూడొద్దులు ఈ దూది కుప్పలన్ని ఎతికినం. ఇప్పుడెందుకచ్చినవ్?" అన్నాడు. సామి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడు. వాడు రాలేదు.

సామి ఆ రేకుల షెడ్డులోనే మళ్లీ మొదలుపెట్టి, చనిపోయేదాకా స్టేషన్లో పిల్లల్ని ఏరుకుంటూనే ఉన్నాడు. నన్నూ రమ్మన్నాడు. తన కంచం పక్కన కంచం పెట్టాడు, వడ్రంగం పూర్తిగా నేర్పాడు, పెళ్లి చేశాడు. పల్లెత్తు మాట అనలేదు. కానీ బజారుకు పోయినా, దవాఖానకు పోయినా, జ్వరంతో తూలుతున్నా సరే, పిల్లలందరినీ వెంట పెట్టుకుని పోయేవాడు. ఒక్క పూట కూడా వాళ్లను నా దగ్గర వదల్లేదు.

ఏళ్లు గడిస్తే తప్పు పాతబడుతుందనుకుని ఎదురుచూశాను. పాతబడింది నేనే. ఆ చిన్నవాడికి ఇంకా ఆరేళ్లే.