గేరు కిందికి దిగిన అంబాసిడర్

పుల్లయ్యకు చూపు పోయినాకే అంబాసిడర్ స్టీరింగు ఆయన భార్య రామేశ్వరమ్మ చేతికొచ్చింది. రుద్రవరం పొలాల మధ్య దారుల్లో పక్కన కూర్చుని ఆయనే నేర్పాడు. రోడ్డు ఆయనకు మసకగా కూడా ఆనేది కాదు. ఇంజను గొంతు విని "ఇప్పుడు మార్చు" అనేవాడు, ఆమె స్టీరింగు కిందున్న గేరు కడ్డీని లాగేది. మిరపకాయలు అమ్మడానికి పోయినా, కంటి డాక్టరు దగ్గరికి పోయినా ముందు సీట్లో ఆ ఇద్దరే.

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి వస్తుంటే ఇంజను గట్టిగా కొట్టుకుని పట్టేసింది. గేరు బాక్సు అంతకు ముందే అరుస్తా ఉండేది. అక్కణ్నుంచి ఆమెకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. పాత ఇంజను బాగుచెయ్యాలంటే సామాన్లు దొరకవన్నారు. డీజిల్ ఇంజను పెట్టించమని అక్క కొడుకు కిరణ్ చెప్పాడు. నంద్యాలలో ఒకాయన వ్యాను ఇంజను చూపించి, ఇదే సరిపోతుందన్నాడు. ఇంకొకాయన తూకానికి అమ్మెయ్యమన్నాడు. ఎవరి మాట విన్నా అదే నిజమనిపించేది, ఇల్లు చేరేసరికి ఏదీ నిజంగా తోచేది కాదు.

చివరికి ఆళ్లగడ్డలో మెకానిక్ మద్దిలేటి చెప్పింది ఆమెకు కొంచెం అర్థమైంది.

"అక్కా, ఇంజనొక చోట, గేరు బాక్సొక చోట తెస్తే అవి ఒకదానికొకటి కలవవు. రెండూ ఒకే బండివి తెచ్చుకో. అతుకుల పని తగ్గుతాది, దుడ్ల ఖర్చూ తగ్గుతాది."

నంద్యాల పాత సామాన్ల యార్డులో, వెనక నుంచి లారీ గుద్దిన అంబాసిడర్ ఒకటి దొరికింది. వీళ్ల దానికన్నా చాలా తర్వాత వచ్చిన మోడలు. ముందు భాగానికి దెబ్బ తగల్లేదు. ఇంజనూ గేరు బాక్సూ విడదీయకుండానే దించుకొచ్చారు. వెనక చక్రాలకు పోయే షాఫ్టును లేతు మిషను మీద కొలతకు తగ్గించారు.

తర్వాత ఒకరోజు ఆమె షెడ్డుకు పోయేసరికి మద్దిలేటి బండి ముందు సీటును మధ్యలో కోస్తున్నాడు.

"సీటెందుకు కోస్తాండావప్పా?"

ఈ బాక్సుకు గేరు కడ్డీ కింద నుంచి వస్తుందనీ, దానికి చోటు కావాలనీ చెప్పాడు. ఇంతమందిలో ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొగునికి ఎట్లా చెప్పాలో తెలియక ఆమె కూడా చెప్పలేదు.

బండి సిద్ధమైన రోజు కిరణ్ పుల్లయ్యను ఆటోలో తీసుకొచ్చాడు. ఆయన తలుపు పిడి తడిమాడు, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు, నవ్వుతూ కూర్చున్నాడు. ఆమె తాళం తిప్పింది. ఇంజను మెత్తగా లేచింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎవురి బండి?"

"మనదే."

పక్కకు చెయ్యి చాపితే సీటు తెగి ఉంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కండ్లు ల్యాని వాణ్ని. ఏం చెప్పినా నమ్ముతాననుకుంటివా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమెకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. బండి రోడ్డెక్కించింది. రెండో గేరు వెయ్యబోతే చెయ్యి అలవాటుగా స్టీరింగు కిందికి పోయింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. రెండుసార్లు తడిమేలోగా బండి కుదుపుతో ఆగిపోయింది. వెనక బస్సు ఆపకుండా హారను కొడతాంది.

"ఏం వెతుకుతాండావ్?"

"గేరు. కిందికి పెట్టినారు. నాకూ సీటు కోసేదాకా తెల్దు."

పుల్లయ్య సీటు తెగిన చోట మళ్లీ చెయ్యి చాపి కడ్డీని తడిమాడు. తర్వాత, "ఇంగో బండి కొనింటే గేరు యాడుందో చూసుకోని కొనేదానివి గదా. అయితే ఇది మనదే" అన్నాడు.

నంద్యాల రవాణా ఆఫీసులో బండి కాగితాల్లో కొత్త ఇంజను నంబరు కూడా ఎక్కించుకున్నారు. ఇప్పుడు దొర్నిపాడు దాకా పోయొస్తున్నారు. ఆయన ఇంకా "ఇప్పుడు మార్చు" అంటాడు గానీ సగంసార్లు తొందరపడతాడు. ఈ ఇంజను మాట ఆయన చెవికి ఇంకా చిక్కలేదు. పాత బాక్సుకు నాలుగే గేర్లు, ఐదో గేరు సంగతి ఇద్దరికీ కొత్తే. ఆమె దాన్ని వేసినప్పుడల్లా, బండి ఉన్నట్టుండి చప్పుడు తగ్గించిందేమని ఆయన అడుగుతాడు. ఆమెకు కూడా సరిగ్గా తెలియదు. "పోతాంది గదా" అంటుంది.