నాలుగు గ్లాసుల బీరు, మావయ్యగారి ప్రార్థన

పెళ్లయ్యాక మొదటి వేసవికి గుడివాడ అత్తారింటికి వెళ్లాను. మావయ్యగారు సంఘపెద్ద. ప్రార్థన చేసుకోనిదే ఆ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టరు. ఆయన చర్చికి వెళ్లిన సాయంత్రం బావమరిది నాలుగు రకాల బీర్లు తెచ్చి, డాబా మీద స్టీలు గ్లాసుల్లో పోశాడు. ఒకటి కమ్మగా గోధుమ వాసనేస్తోంది, ఇంకోటి కాకరకాయంత చేదు. మురిసిపోతూ రుచి చూస్తుంటే మావయ్యగారు మెట్లెక్కి వచ్చేశారు! నేను గ్లాసు వీపు వెనక దాచబోయాను.

“ప్రార్థన చేసుకున్నారా?” అన్నారాయన, గ్లాసుల వంక చూస్తూ.

తలలు అడ్డంగా ఊపాం.

ఆయనే కళ్లు మూసుకున్నారు, మేమూ మూసుకున్నాం. “ప్రభువా, ఈ పిల్లలు తాగేది వీళ్లకి చేటు చెయ్యకుండా చూడు తండ్రీ. ఆమెన్.”

మేం కళ్లు తెరిచేసరికి పక్కనే చాప మీద కూర్చుని ఉన్నారు. “వీటిలో చేదు తక్కువది ఏదండీ అల్లుడుగారూ?”

ఆ ఇంట్లో నా బెరుకు అప్పుడే పోయింది. ఇప్పటికీ బీరు గ్లాసు పట్టుకోగానే కళ్లు మూసుకుంటాను. తాగకముందే ఎక్కేసిందని స్నేహితులు నవ్వుతారు.