బొటనవేలు వంచి చూసిన డాక్టర్లు

బుడ్డోడా, నువ్వు కన్నుమూసినా నిన్ను మోసిన చేతికి నొప్పి తగ్గలేదని మీ నాయన ఈ రోజు నన్ను కడపలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ వైద్యం నేర్చుకునేవాళ్లు నలుగురు ఒకరి తర్వాత ఒకరు నా బొటనవేలు పిడికిట్లో మడిచి, మణికట్టు వంచి, "నొప్పా?" అని అడిగారు.

"వంచితే నొయ్యకుండా ఉంటాదా సామీ? మీ చేతులు వంచుకోని చూడండి!" అన్నాను.

నలుగురూ వంచుకుని "అబ్బా!" అన్నారు.

కొత్తగా సూదిమందు వచ్చిందని ఒకరు, కోయాల్సిందేనని ఇంకొకరు వాదులాడుకున్నారు. పెద్ద డాక్టరు మాత్రం, "పసిబిడ్డను ఎత్తుకునే తల్లులకు వచ్చే నొప్పి ఇది. కొన్నాళ్లు బిడ్డను ఎత్తుకోవద్దమ్మా" అన్నాడు. మీ నాయన గోడవైపు తిరిగాడు.

"అట్నే సామీ" అన్నాను.

చెక్క పెట్టి కట్టు కట్టారు. ఈ పూట మీ నాయనే సంగటి ఊది ఊది, నీకు పెట్టినట్టే నాకు పెట్టాడు; కడుపు నిండా తిన్నాను. ఇది చదివే తల్లులారా, మీరూ కడుపు నిండా తినండి.