ముఖం పెట్టండి మేడం

పాఠాలన్నీ కాలేజీ పోర్టల్‌లో పెట్టాలని ఆర్డరు వచ్చినప్పుడు, కిటికీకి ఎదురుగా కూర్చుని, ఫోను పుస్తకాల దొంతర మీద నిలబెట్టి కెమిస్ట్రీ చెప్పాను. తెర నిండా నా ముఖమే. అద్దంలో కూడా నన్ను నేను అంతసేపు చూసుకోలేదు. తర్వాత మాకు ట్రైనింగ్ ఇచ్చి, ముఖం అక్కర్లేదు, స్లయిడ్ కనిపించి మాట వినిపిస్తే చాలన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆనాటి నుంచి తల దువ్వుకోకుండానే పాఠాలు చెప్పాను.

పక్క ఊరు సత్రపట్టి నుంచి వచ్చే ఒక అమ్మాయి అప్పటికే కాలేజీకి రావడం మానేసి పోర్టల్ మీద చదువుతోంది. వాళ్ల నాయనకు కాలు విరిగింది. ఇంటి వెనక షెడ్డులో బ్యాండేజీ గుడ్డ నేసే పవర్‌లూములున్నాయి. తల్లికి తోడు ఈ పిల్ల నిలబడకపోతే అవి ఆగిపోతాయి. మొదట్లో నా క్విజ్‌లలో ఆమెదే పైచేయి. మా హెచ్ఓడీ పాఠాల్లో మాత్రం ఎప్పుడూ అంతంతమాత్రమే. ఉన్నట్టుండి నా దాంట్లోనూ మార్కులు అడుగంటాయి. వీడియో ఆసాంతం చూసినట్టే పోర్టల్ చూపిస్తోంది. పాఠం కింద ఒకటే రాసింది: “మీ ముఖం పెట్టండి మేడం.”

నాకు ఒళ్ళు మండింది. నా ముఖమేమన్నా సినిమానా?

హెచ్ఓడీకి చూపించాను. ఈ అరవనాట మా ఊరి తెలుగు రాజుల మీసమంటే ఏమిటో ఆయన్ని చూసే తెలుసుకోవాలి. ఆయనకు పై పెదవి ఉందో లేదో ఇంట్లోవాళ్ళకైనా తెలుసో లేదో.

“వీడియోని చుమ్మా ఊరికే పెట్టేసి పని చూసుకుంటా ఉంటుంది. వచ్చే ఇంటర్నల్ కూడా పోయిందంటే సెమిస్టర్ రాయనీయరు. మీరే పోయి చెప్పి రండమ్మా” అన్నారు.

టౌన్ బస్సెక్కి వెళ్ళాను. షెడ్డులో అడుగు పెట్టగానే చెవులు దిమ్మెక్కాయి. నేను పలకరించిన మాట నాకే వినపడలేదు. ఆ చివర అమ్మాయి, ఈ చివర తల్లి, మధ్యలో మగ్గాలు. తల్లి నోరు కదిపింది. అంత దూరాన కూతురు నవ్వి, తనూ నోరు కదిపింది. తల్లి తలూపి దారం కండె ఒకటి తీసుకెళ్ళి ఇచ్చింది. వాళ్ళు మాట్లాడుకున్నారని అప్పుడు తెలిసింది నాకు.

తల్లి వచ్చి నా చెవిలో అరిచింది. “ఇక్కడ పెరిగినోళ్ళకు అందరికీ వస్తుంది టీచర్. పెదాలు చూస్తే చాలు. మీ పాఠము కూడా అట్లే చదివింది. ఇప్పుడు మీరు కనపడరు కద.”

చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోకూడదా అని అరిచాను. పెట్టుకుంటే దారం తెగి మగ్గం చప్పుడు మారేది తెలియదట.

వాళ్ళింట్లో మాలాగే తెలుగు. నా పాఠం అరవంలో, సగం ఇంగ్లీషులో. అదంతా ఈ పిల్ల నా పెదాల మీదే చదువుకుంది. నేను నోరెళ్ళబెట్టి నిలబడ్డాను. దాన్ని కూడా చదివే ఉంటుంది.

ఉండబట్టలేక, అక్కడి నుంచే గొంతు లేకుండా అడిగాను: నూనెలో కాస్టిక్ సోడా కలిపి కాస్తే ఏమొస్తుంది? తెగిన దారం ముడివేస్తూనే ఆమె పెదాలు కదిపింది. నాకేం అర్థమవుతుంది, నేను చదువుకున్నది చెవులతో.

“సోపు, గ్లిజరిన్ అంటా ఉంది. సరియా టీచర్?” అని తల్లి నా చెవిలో అరిచింది.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సరియే అని పెదాలతోనే చెప్పాను. ఆమెకు అందింది.

మరునాడు హెచ్ఓడీకి అంతా చెప్పాను. ఆయన మీసం నిమురుకుంటూ విన్నారు. నేను ఇంటికొచ్చి, శుభ్రంగా తల దువ్వుకుని, కిటికీ ముందు కూర్చుని పాఠాలన్నీ మళ్ళీ చెప్పాను.

ఇంటర్నల్‌కు ముందు సోమవారం పోర్టల్ తెరిస్తే తెర నిండా ఎవరో కొత్తాయన ఫిజికల్ కెమిస్ట్రీ చెబుతున్నాడు. గొంతు మా హెచ్ఓడీది. మీసం లేదు. మా వైపు తండ్రి పోతే తప్ప ఆ మీసానికి కత్తి తగలదు. ఆయన తండ్రి పోయి ఏళ్ళయింది.

స్టాఫ్ రూములో అందరం లేచి నిలబడ్డాం. “ఇంట్లో ఎవరన్నా పోయినారా సార్?” అని అటెండర్ మెల్లగా అడిగాడు.

“ఎవరూ పోలేదప్పా” అన్నారాయన, బోసి పెదవి తడుముకుంటూ. “మీసము మళ్ళా మొలుస్తుంది. ఆ పిల్లకు ఈ సెమిస్టర్ మళ్ళా రాదు కద.”