బాలమ్మ ఇచ్చిన చర్మం

1964లో నేను మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. ఆడవాళ్ళ సర్జికల్ వార్డు నా చేతిలో ఉండేది. ఆపరేషన్లయినవాళ్ళు, కాలినవాళ్ళు, ఎముకలు విరిగినవాళ్ళు అందరూ అందులోనే. కాలినవాళ్ళకు వేరే గది లేదు. వార్డు చివర కిటికీ పక్క మంచానికి దోమతెర కట్టి, అదే కాలిన కేసుల జాగా అనుకునేవాళ్ళం.

ఆ ఎండాకాలం ఆ మంచం మీదికి నాగమణి వచ్చింది. నారాయణపేట నేతవాళ్ళ కోడలు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నూలుకు పట్టించే గంజి పెద్ద గుండిగలో మరుగుతుంటే దించబోయి కాలు జారి, ఒలికిన గంజిలో వెల్లకిలా పడింది. గంజి నీళ్ళలాగా జారిపోదు, ఒంటికి అంటుకొని అక్కడే ఉడికిస్తుంది. వీపు, నడుము, రెండు తొడల వెనక భాగం చర్మం లేకుండా పోయింది. బోర్లా పడుకోబెట్టి ఉంచేవాళ్ళం. డ్రెస్సింగ్ మార్చే వేళ ఆమె కేకలకు వార్డులో నడవగలిగిన వాళ్ళందరూ బయటి వరండాలోకి పోయేవాళ్ళు.

చర్మం లేని ఒళ్ళు మూత లేని కుండ లాంటిది. ఒంట్లో నీరు, సత్తువ కారిపోతుంటాయి, చీము పడుతుంది. అలాంటప్పుడు రోగి ఒంటి మీదే బాగున్న చోట చర్మం పైపొరను పలుచగా గీసి తీసి పుండు మీద పరుస్తారు. దాన్ని స్కిన్ గ్రాఫ్ట్ అంటారు. నాగమణికి తీయడానికి మిగిలిన చోటు తక్కువ, కోత తట్టుకునే బలం అంతకన్నా తక్కువ. మా సర్జన్ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన యువకుడు. వేరే మనిషి చర్మం తెచ్చి కప్పితే కొన్నాళ్ళు నిలుస్తుందని, ఆలోగా పిల్ల కోలుకుంటే అప్పుడు ఆమె చర్మమే వేయవచ్చని ఆయన చెప్పాడు. ఇచ్చే మనిషిని డోనర్ అంటారు. ఆ మాట మా వార్డులో పలకడం అదే మొదలు.

ముందు ఇంటివాళ్ళను అడిగాం. నాగమణి భర్త తల వంచుకొని, "తీస్కోండ్రి" అన్నాడు. వెనక నుంచి వాళ్ళమ్మ అడ్డం వచ్చింది.

"గుంటమగ్గం తొక్కే పిల్లగాడు. తొడ గోస్తె కాలెట్ల ఆడిస్తడు? ఇంటిల్లిపాది ఏం తినాలె?"

అతను అమ్మ వెనకాలే వరండాలోకి పోయాడు. నాగమణి అన్నలిద్దరూ వచ్చారు. డాక్టరు చెప్పిందంతా విన్నారు. ఇంట్లో అడిగి వస్తామని బస్సెక్కారు. తిరిగి రాలేదు. వాళ్ళను తప్పు పట్టలేను. బతికున్న మనిషి ఒంటి మీది తోలు తీసి ఇంకొకరికి వేస్తారని ఆ రోజుల్లో ఎవరు విన్నారు గనక?

అప్పుడు బాలమ్మ వచ్చి డాక్టరు ముందు నిలబడింది.

బాలమ్మ రోగి కాదు. పక్క మంచం మీది మనిషికి వదిన, ఆమెకు తోడుగా వచ్చింది. మక్తల్ దారిలో ఒక ఊరు. కూలి చేసుకొనే విధవ. రెండు మంచాల నడుమ నేల మీద పడుకునేది. నాగమణి దగ్గర వాసనకు సొంతవాళ్ళే వరండాలో కూర్చుంటే, ఈమె తెర ఎత్తి నీళ్ళు తాగించేది, ఈగలు తోలేది. నాగమణి అత్త ఆమెను దవాఖాన ఆయా అనుకుంది.

డాక్టరు అడిగాడు. "ఆ అమ్మాయి నీకేమవుతుంది?"

"ఏం గాదు సార్."

"మరి నువ్వెందుకు ఇస్తావు? ఎవరైనా ఇయ్యమన్నారా?"

"ఎవ్వలనలే. పక్కపొంటి పండుకుంటున్న గద సార్. దాని మొత్తుకోలు ఇనస్తలేదు."

ఆయన తొందరపడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాడు. తొడ మీద చర్మం తీస్తాం, మంట పుడుతుంది, మచ్చ పోదు. అంత చేసినా ఆ చర్మం నాగమణికి శాశ్వతంగా అంటదు. కొన్ని వారాలకు ఊడిపోతుంది. అన్నదైనా, తల్లిదైనా అంతే.

బాలమ్మ నా వైపు చూసింది. "ఊడిపోయేదాన్ని ఎందుకేస్తరు సిస్టరమ్మ?"

"అప్పటిదాక పానం నిలబెట్టనీకి" అన్నాను.

"నిలబడుతదా?"

"నిలబడొచ్చు."

"గట్లయితె తీస్కోండ్రి."

తెలిసి ఇచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు. డాక్టరుకు, నాకు, ఆ మాత్రం చాలనిపించింది. పొడవాటి కత్తితో ఆమె తొడ మీది పైపొర తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తడిగుడ్డ మీద పరిచిన ఆ చర్మం ఉల్లిపొర కన్నా కాస్త మందం. దాన్ని ముక్కలు చేసి నాగమణి వీపు మీద పరిచాం. కొద్ది రోజుల్లోనే జ్వరం దిగింది. పిల్ల ఒక పూట లోటాడు గంజి తాగింది. వార్డంతా తేలికపడింది.

బాలమ్మ సంగతి అక్కడే మొదలైంది. మరదలిని డిశ్చార్జి చేశారు. బాలమ్మకు మంచం లేదు, ఎందుకంటే ఆమె రోగి కాదు. రోగి కాదు కాబట్టి దవాఖాన రొట్టె, పాలు రావు. ఆమె తొడ మీద మేమే చేసిన పుండు ఉంది, కానీ ఆ పుండుకు జబ్బు పేరు లేదు. నేను పైవాళ్ళ దగ్గరికి పోయి అడిగాను.

"ఆమెకేం రోగమని చేర్చుకోవాలి సిస్టర్? బాగున్న మనిషే కదా" అన్నారు.

నా ఇంటి నుంచి అన్నం తెచ్చి పెట్టాను. డాక్టరు తన గదిలోనే డ్రెస్సింగ్ చేయించాడు. కానీ ఊరి నుంచి మనిషి వచ్చి, ఇంటి కాడ పిల్లలు ఆగమైతున్నరని చెబితే ఆమె ఆగలేదు. డ్రెస్సింగ్ ఎలా మార్చుకోవాలో చూపించి, గుడ్డలు, మందు మూటగట్టి ఇచ్చి బస్సెక్కించాను.

ఈలోగా నాగమణి అత్తకు ఎవరో చెప్పారు, ఇచ్చింది ఆయా కాదని, ఊరవతలి వాడ మనిషని. ఆమె నన్ను వరండాలో పట్టుకుంది.

"గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా? మేం మళ్ళ మా కోడలి చేతి నీళ్ళెట్ల తాగాలె?"

నేను పుట్టింది కూడా అలాంటి వాడలోనే. మా తాత బైబిలు పట్టుకున్నాడు కాబట్టి నన్ను సిస్టరమ్మ అంటున్నారు. ఆమెకు నేనేం చెప్పాలి? "మీ కోడలు బతికింది" అన్నాను. ఆమెకు అది సరిపోలేదు.

డాక్టరు చెప్పినట్టే కొన్ని వారాలకు బాలమ్మ చర్మం నల్లబడి ఊడడం మొదలైంది. అప్పటికి నాగమణికి బలం వచ్చింది. డాక్టరు ఆమె చర్మమే తీసి విడతలుగా వేశాడు, అది అంటుకుంది. కానీ అత్త నోట కథ వేరే తయారైంది. "వాళ్ళ తోలు మా ఒంటికి పడలే, కుళ్ళి ఊడిపోయింది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. డాక్టరు ఆమెను నిలబెట్టి, నీ కొడుకుది వేసినా ఇంతేనని చెప్పాడు. ఆమె తలూపింది. మరునాడు ఇంకొకరికి అదే కథ చెప్పింది.

నాగమణి ఇంటికి పోయే ముందు, అత్త లేనప్పుడు నన్ను పిలిచింది.

"గామె పేరు బాలమ్మ గద అక్కా? నాకెర్కే. గని నేను ఆమెను జూడ వోత అంటె వీళ్ళు నన్ను ఇంట్ల రానియ్యరు. నేను గా ఇంట్లనే బతకాలె."

ఆమె ఏడవలేదు.

వానలు పడ్డాక సెలవు పెట్టి బాలమ్మ ఊరికి పోయాను. గుడిసె ముందు కాలు చాపుకొని కూర్చుంది. పుండు చీము పట్టి, మానేసరికి తొడ మీద తాడులా మందపాటి మచ్చ కట్టింది. కూర్చొని లేవడం కష్టమైంది. పల్లిచేన్లో కలుపు పనికి ఎవరూ పిలవలేదు. నాగమణి అత్త చెప్పిన కథ సంతకు చేరి, అక్కడి నుంచి ఈ ఊరికీ వచ్చింది.

"నా తోలు గూడ అంటరానిదయిందంట గద సిస్టరమ్మ?" అంది.

"ఎవరిదైనా ఊడుతదని సార్ ముందే చెప్పిండు కదా బాలమ్మా."

"నాకు జెప్పిండు. ఊరోళ్ళకు ఎవలు జెప్తరు?"

నేను ఆ మచ్చకు నూనె రాశాను. ఆమె ఎక్కడికో చూస్తూ అంది: "గా పిల్ల బతికినందుకు మంచిదే. గని మల్ల అడుగుతె ఇయ్యను."

తిరిగొచ్చి ఆ మాట డాక్టరుకు చెప్పాను. "అన్నీ చెప్పాననుకున్నాను సిస్టర్. తీసిన చర్మానికి ఏమవుతుందో చెప్పాను. ఇచ్చిన మనిషికి ఏమవుతుందో నాకే తెలియదు" అన్నాడు. ఆ ఏడాదే ఆయనకు బదిలీ అయింది.

తర్వాత నేను నల్లగొండ వైపు పోయాను. చర్మం ఇచ్చేవాళ్ళు అరుదే గానీ, రక్తం ఇస్తామని ముక్కూముఖం తెలియని వాళ్ళ కోసం వచ్చే మనుషులు అప్పుడప్పుడు కనిపించేవారు. సూది అందుకునే ముందు నేను రెండు సంగతులు అడిగేదాన్ని: నీకు తల తిరిగి పడితే ఇంట్లో చూసేదెవరు? ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే నీకేమవుతుంది? పెద్దడాక్టర్లు విసుక్కునేవారు, వచ్చినవాళ్ళను బెదరగొడుతున్నావని. మంచితనంతో వచ్చిన మనిషిని వెంటనే వాడుకోవడం తేలిక. ఆ మనిషి కూడా మన రోగే అనుకుంటే మంచం వెయ్యాలి, అన్నం పెట్టాలి, నలుగురిలో ఆమె తరఫున నిలబడాలి. అందుకు మా దవాఖానలో ఏ ఏర్పాటూ లేదు.

నా ప్రశ్నలు విని కొందరు కండువా దులుపుకొని లేచి వెళ్ళిపోయారు. లోపల రోగి ప్రాణం కొట్టుకుంటుంటే వాళ్ళు గేటు దాటడం చూశాను. ఒక్కరినీ వెనక్కి పిలవలేదు.