డెబ్భై రెండో నంబరు లైన్‌మన్

పరంధామయ్యగారు పదేళ్లపాటు ఒక్క ఆదివారం వదలకుండా అమెరికన్ ఫుట్‌బాల్ చూశారు గానీ, బంతిని మాత్రం ఒక్కసారీ చూసి ఎరుగరు. అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊళ్లో రిటైరైన ఆ డాక్టరుగారి కళ్లు ఎప్పుడూ డెబ్భై రెండో నంబరు చొక్కా మీదే. ఆ ఆటగాడు బంతి ముట్టడు, గోల్ కొట్టడు. బంతి విసిరేవాడి ముందు బీరువాలా నిలబడి, మీదికొచ్చేవాళ్లను ఆపుతాడు.

ఎవరు గెలిచారంటే, "స్కోరు తెలీదు గానీ, మనవాడు ఒక్కణ్ణీ దాటనివ్వలేదయ్యా" అనేవారు. ఆయన భార్య శారద ఆంటీ, బంతి ఏ రంగో అడిగి చూడమంది. అడిగాను. తెలుపన్నారు, గోధుమరంగు బంతిని.

అతణ్ణి లైన్‌మన్ అంటారని ఆయన చెప్పినప్పుడు, కరెంటు స్తంభాలెక్కేవాడికి ఇక్కడేం పనని అడిగాను. నొచ్చుకోకపోగా పొంగిపోయారు.

"ఇద్దరిదీ ఒకటే బతుకు. ఇంట్లో కరెంటు ఉన్నంతసేపూ లైన్‌మన్ ఎవరికైనా గుర్తొస్తాడా?"

ఆ అక్టోబరులో నా ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. ఆదివారం ఆట చూస్తూ టిఫిన్ తినడానికి తెలుగువాళ్లంతా చేరే వాళ్లింటికి వెళ్లాలంటే భయం, అందరూ అదే అడుగుతారని. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోవాలన్నా భయమే. చివరికి వెళ్లాను.

అక్కడికొచ్చే కుర్రాళ్లలో ఒకడు, శశికాంత్, ప్లేటుతో నా వైపు వస్తూ, "బ్రో, నీ వీసా సంగతి..." అన్నాడో లేదో, పరంధామయ్యగారు అడ్డొచ్చి అతని భుజం పట్టుకున్నారు. డెబ్భై రెండు ఎడమకాలు ఎందుకు వెనక్కి పెడతాడో తెలుసా అంటూ సోఫాలో కూర్చోబెట్టేశారు. ఇడ్లీ బంతి విసిరేవాడు, వడ మనవాడు, చట్నీ గిన్నెలు శత్రువులు. పాఠం అరగంట సాగింది. చట్నీ శశికాంత్ చొక్కాకంటింది గానీ, ఇడ్లీని తాకలేదు.

అలా ఆరు ఆదివారాలు నా వైపు వచ్చినవాళ్లంతా వడ దగ్గరే ఆగిపోయారు. ముసలాయన చాదస్తం ముదిరిందని అందరితోపాటు నేనూ నవ్వుకున్నాను, కడుపునిండా తింటూ.

ఏడో వారం ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసి ఆయనకు చెప్పాను. ఆ ఆదివారం శశికాంత్ తిన్నగా నా దగ్గరికొచ్చేశాడు. పరంధామయ్యగారు కదల్లేదు.

"అంకుల్, ఇవాళ క్లాస్ లేదా?" అని నేనే అడిగాను.

"ఇవాళ నీకు అక్కర్లేదుగా," అన్నారు, టీవీ నుంచి కళ్లు తిప్పకుండా.

అప్పటిగ్గానీ నాకు వెలగలేదు. సిగ్గూ వేసింది, ఆయన కాళ్లమీద పడాలనీ అనిపించింది.

ఇప్పుడు శాన్ రామన్ అనే ఇంకో ఊళ్లో ఉంటున్నాను. డెబ్భై రెండు ఆట మానేశాడు. ఆ ఆదివారాలకోసం ఇప్పటికీ బెంగపడతాను. మొన్న ఆదివారం పదిమందీ చేరిన మా ఇంట్లో, కొత్తగా ఉద్యోగం పోయిన సృజన్ మూల కుర్చీలో తల వంచుకుని తింటున్నాడు. దివాకర్ ప్లేటు పట్టుకుని అటే నడుస్తున్నాడు.

లేచి వెళ్లి అతని భుజం పట్టుకున్నాను.

"దివాకర్, లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడనుకుంటున్నావా? కూర్చో, చెప్తాను. ఆ వడ ఇలా ఇవ్వు."