తాళం తీసిన తర్వాత

నా భార్య తినే తిండికి నేను తాళం వేశాను. మూడేళ్లకు పైగా వేశాను. వెయ్యమన్నది చదువుకున్న డాక్టరు, వేసింది నేను. ఇద్దరిలో ఎవరిమీద ఎక్కువ కోపమని ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మేము వరంగల్ కొత్తవాడలో మగ్గం నేసేవాళ్లం. ఆమె రాట్నం మీద కండెలు చుట్టేది. డెబ్బైల్లో, మా పెళ్లయిన కొన్నేళ్లకు, ఈ బాధ మొదలైంది. నలుగురిలో కూర్చుంటే పిడికెడు తినేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం అన్నం గిన్నె ముందేసుకుని, ఆకలి లేకున్నా, రుచి తెలియకున్నా, ఊపిరాడనంత వరకు ఆపలేకపోయేది. ఆ తర్వాత రెండు పూటలు పస్తు. మూడో పూట మళ్లీ అదే. దానికి వైద్యంలో ఒక పేరుంటుందని మాకు తెలియదు. వాడకట్టు మాత్రం పేరు పెట్టేసింది, తిండిపోతు అని.

సుబేదారిలో చూపించిన డాక్టరు ఆమె మొఖం కూడా సరిగ్గా చూడలేదు. నులిపురుగులకు గోళీలు రాసిచ్చి, తిండి అందకుండా చూసుకొమ్మని నాతో అన్నాడు. బియ్యం, బెల్లం, వండిన అన్నం అన్నీ సందుగలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

గంజికి మాత్రం తాళం వేయలేదు. నేతకు ముందు పడుగు దారాలకు పట్టించే గంజి అది. తిండి అని నాకు తోచనే లేదు. ఒకరోజు పొద్దున్నే పడుగును వాడలో పొడుగునా సాగదీసి, చుట్టాలు నలుగురు కుంచెలు పట్టుకుని నిలబడ్డారు. గంజి తేవడానికి లోపలికి పోయాను. కుండ సగానికి దిగింది. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది, మోచేతి దాకా గంజి. నా వెనకే వచ్చిన మా పెద్దన్న అది చూసి, బయటివాళ్లకు వినబడేలా అన్నాడు:

“పడుగుకు పెట్టే గంజి గూడ తాగిందారా తమ్మీ? రేపటి సంది మగ్గానికి గూడ తాళమేస్కో.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె వింటూనే ఉంది. మళ్లీ గంజి కాచేసరికి ఎండెక్కి ఆ రోజు పని ఆగిపోయింది. దానికి రెండు రోజులు బాధపడ్డాను, ఆమెకోసం కాదు.

ఎనభైల్లో ఎవరో చెబితే, పెద్ద దవాఖానలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పిచ్చోళ్ల లైన్లో నిలబెట్టానని నా భార్య కొంగు మొఖంమీదికి లాక్కుంది. డాక్టరమ్మ అన్నింటికంటే ముందు తాళం తీయమంది. పస్తులు మానాలి, మూడు పూటలా అందరితో కూర్చుని తినాలి. పస్తున్నందుకే మనిషి తర్వాత అట్లా తిండిమీద పడుతోందట. ఆపుకోలేక తిన్న ప్రతిసారీ, అంతకు ముందు మనసులో ఏం మెదిలిందో రాసుకుని రమ్మంది. తాళం ఆ రోజే తీశాను.

నా భార్యకు అక్షరాలు రావు. నేను కిరాణా పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ని. ఇంకేం, నేనే రాస్తానన్నాను. రోజూ అడిగేవాణ్ని, ఆమె ఏం లేదనేది, నేను నాకు తోచింది రాసేవాణ్ని. నెల తర్వాత డాక్టరమ్మ ఆ నోటుబుక్కు తిరగేసి అడిగింది:

“ఇందులో మీ భార్య ఎక్కడున్నది?”

నన్ను బయట కూర్చోమంది. రాయాల్సిన పని లేదని, తిన్నప్పుడల్లా ఒక దారానికి ముడి వేసి తెచ్చి, ఏ ముడి ఎందుకు పడిందో తనకే చెప్పమని నా భార్యతో అన్నదట.

ప్రతి వారం ఆ తలుపు బయట బల్లమీద కూర్చున్నాను. లోపలినుంచి ఏడుపు వినబడేది, ఒకసారి నవ్వు కూడా. దారానికి ముడులు తగ్గుతూ వచ్చాయి. అంతలో డాక్టరమ్మకు బదిలీ అయింది. ఆ కుర్చీలోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఎప్పుడొస్తారని ఎన్నిసార్లు పోయి అడిగినా, తక్కువ తినమని చెప్పడానికి డాక్టరెందుకని అక్కడి గుమస్తా నవ్వేవాడు. నెల తిరక్కుండా ముడులు పెరిగాయి. తర్వాత ఆమె ముడులు వేయడమే మానేసింది, తినడం మానలేదు.

ఒక మధ్యాహ్నం మగ్గం దిగి, రాట్నం పక్కన కూర్చుని బతిమాలాను. డాక్టరమ్మ లేకపోతే ఏం, నేనున్నాను గదా, ఆమెకు చెప్పినవి నాకు చెప్పమన్నాను. తాళం తీసి ఎన్నాళ్లయింది, ఇంకా నేనంటే భయమెందుకన్నాను. ఆమె రాట్నం ఆపింది. నా నడుమువైపు చూసి అన్నది:

“తాళం తీసినవ్ గని తాళంచెయ్యి ఇంక మొలతాడుకే ఉంచుకున్నవ్. నాకు దినాం కనబడ్తనే ఉంటది.”